మా వాడి ఫిక్స్‌డ్ డిపాజిట్

(సూరత్‌లో మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబాల ఉగాది కలయికలో ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కూర్చుని ఈయన ఎప్పుడు ఆపుతాడా, పులిహోర ఎప్పుడు పెడతారా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం.

'నా జీవితంలో మరువలేని వ్యక్తి' అన్న విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఎవరైనా పెద్ద నాయకుడి గురించో, నాకు పాఠం చెప్పిన గురువు గురించో చెబుతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను నా స్నేహితుడి గురించి చెబుతాను. తెలుగువాళ్ళకి స్నేహం అనగానే బాపు రమణలు గుర్తొస్తారు. మద్రాసులో బడి పిల్లలుగా కలిసి, 2011లో రమణ గారు పోయేదాకా విడిపోకుండా ఉన్నారు. మా జంట గురించి లింబాయత్‌లో రెండు గల్లీల వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

వాడి పేరు చెప్పను. వాడు నాకు స్నేహితుడే కాదు, మన బ్యాంకు ఖాతాదారుడు కూడా. ఖాతాదారుడి సంగతులు బయట మాట్లాడకూడదని మనందరం సంతకం పెట్టి ఉద్యోగంలో చేరాం. ఈ నాలుగు ముక్కలైనా వాడి భార్యని అడిగి, ఆమె సరేనన్నాకే చెబుతున్నాను. "పేరు మాత్రం వద్దన్నా" అంది. అందుకని వాడు ఈ సాయంత్రం 'మా వాడు' మాత్రమే.

మీలో చాలామంది బదిలీ మీద సూరత్ వచ్చినవాళ్ళు. మీకు సూరత్ అంటే రింగ్ రోడ్డు చీరల మార్కెట్లు, వరాఛా వజ్రాలు, డుమస్ బీచి, పొద్దున్నే లోచో. మా సూరత్ వేరు. అది ఉధనా స్టేషన్ దగ్గర మొదలై లింబాయత్, డిండోలి, పర్వత్ పాటియా దాకా ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి చేనేత కుటుంబాలు సోలాపూర్, భివండీ వెళ్ళినట్టే సూరత్‌కీ వచ్చాయి. ఊళ్ళో మగ్గం గుంట మీద అన్నం దొరకని రోజుల్లో ఇక్కడ పవర్‌లూమ్ మీద పన్నెండు గంటలు నిలబడితే వారం వారం కూలి చేతికొచ్చేది. పవర్‌లూమ్ అని బ్యాంకు కాగితాల్లో రాస్తాం గానీ మా ఇళ్ళలో దాన్ని 'సాంచా' అనే అంటారు. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సూరత్‌లో దిగడమే, మధ్యలో బండి మారే పని లేదు. మా నాయన సిరిసిల్ల వైపు నుంచి అలాగే వచ్చాడు. 1984లో నాకు ఆరేళ్ళప్పుడు అమ్మనీ నన్నూ తెచ్చుకున్నాడు. మా వాడి కుటుంబం నల్లగొండ వైపుది. మా గది పక్క గది వాళ్ళది. మధ్యలో గోడ ఒక్క ఇటుక మందం. వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్మేవాళ్ళం.

మేమిద్దరం చదివింది గుజరాతీ మీడియం. ఇవాళ సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మాకు మాత్రం తెలుగు అక్షరాలు నేర్పింది మా వాడి నాయన. రాత్రి షిఫ్టు లేని ఆదివారాలు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి పలక మీద దిద్దించేవాడు. "ఊరికి ఉత్తరం రాయనీకన్న రావాలె" అనేవాడు. మా వాడి చేతిరాత ముత్యాల్లా ఉండేది. నాది ఇప్పటికీ డాక్టరు చీటీలా ఉంటుంది, నా సంతకం చూసినవాళ్ళకి తెలుసు.

చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటూ పోతే పులిహోర చల్లారిపోతుంది. ఉత్తరాయణ్ వస్తే మాత్రం మా వాడికి ఎదురులేదు. దారం గుణం వాడికి వేళ్ళతో తెలుసు. ఏ మాంజా తెగుతుందో ఏది తెగదో పట్టి చూసి చెప్పేసేవాడు. నేను చరఖీ పట్టుకునేవాణ్ణి. మా స్నేహంలో ఎక్కువ భాగం అలాగే నడిచింది. చలికాలంలో ఇక్కడ పోంక్ అమ్ముతారు కదా, వాడి అమ్మ మొదటిసారి అది చూసి, "ఓయమ్మ, ఇది మన జొన్న ఊచబియ్యమే గదా, గింత పైసలా!" అని బండివాడితో తెలుగులోనే కొట్లాడింది. వాడు గుజరాతీలో జవాబు చెప్పాడు. చివరికి బేరం కుదిరింది. ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

1994 సెప్టెంబరు. మేమిద్దరం పదకొండో తరగతి కామర్సు. వానాకాలం తాపీ నది పొంగి తీసిన తర్వాత, వేడ్ రోడ్డు వైపు ఊపిరితిత్తుల ప్లేగు అన్నారు. మన పిల్లలు కరోనా చూశారు కాబట్టి ఊహించుకోగలరు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు. పుకార్లు మాత్రం సెల్‌ఫోన్ కంటే వేగంగా పోయేవి. నాలుగైదు రోజుల్లో లక్షల మంది ఊరు విడిచిపోయారు. ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది తాళాలు వేసుకుని వెళ్ళిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. చనిపోయినవాళ్ళు యాభై పైచిలుకే అని తర్వాత లెక్క తేలింది. కానీ ఆ వారం ఆ లెక్క ఎవరికి తెలుసు?

మా నాయన మమ్మల్ని తీసుకుని ఊరికి బయల్దేరాడు. మా వాడి నాయన మాత్రం కదల్లేదు. అప్పుడే ఆయన సాంచాల మీద కొత్త బీములు ఎక్కించాడు, సేటు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. స్టేషన్‌లో కాలు పెట్టే జాగా లేదు. మా వాడు నన్ను కిటికీలోంచి లోపలికి తోశాడు. బండి కదులుతుంటే కాగితం పొట్లం ఒకటి నా జేబులో కుక్కాడు. భుసావల్ దాటాక విప్పి చూస్తే టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్ళు. మున్సిపాలిటీ వాళ్ళు వాళ్ళింటికి పంచినవి, వాడి వంతువి.

నెల తర్వాత తిరిగొచ్చేసరికి మా గది తాళం వాడి దగ్గరే ఉంది. లోపల ఊడ్చి ఉంది. అమ్మ తులసి మొక్క బతికే ఉంది. క్యాప్సూళ్ళ గురించి అడిగితే, "నాకు చేదు మందులు వడయ్" అన్నాడు. అదే చివరి మాట, మళ్ళీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనరుగా ఎస్.ఆర్. రావు గారు వచ్చారు. పేరు వినగానే మా బస్తీలో అందరూ 'మనోడే' అని తీర్మానించేశారు. చెత్త, మురుగు, అక్రమ కట్టడాలు, హోటళ్ళ వంటిళ్ళు వేటినీ ఆయన వదల్లేదు. చూస్తుండగానే సూరత్‌కి చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరమని పేరొచ్చింది. అధికారి కుర్చీలో కూర్చుంటే ఇంత పని చేయొచ్చా అని నాకు అనిపించింది అప్పుడే. 'నువ్వు ఆఫీసరు కావాలె' అని మా వాడు నా వెంట పడింది కూడా అప్పుడే. వాడు కావాలని మాత్రం నేను అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. లెక్కల్లో వాడు నాకంటే మెరుగు.

బీకాం రెండో ఏడాదిలో వాడి నాయనకి ఆరోగ్యం చెడింది. సాంచాల చప్పుడుకి చెవులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు నడుమూ పోయింది. మా వాడు కాలేజీ మానేసి కార్ఖానాకి వెళ్ళాడు. నేను డిగ్రీ పూర్తి చేసి, 1999లో ఇక్కడే దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ సీటు తెచ్చుకున్నాను. దానికి నర్మద్ కవి పేరు తర్వాత పెట్టారు. సీటైతే వచ్చింది గానీ ఫీజు లేదు. మా నాయన ఇద్దరు ముగ్గురిని అడిగి ఖాళీ చేతులతో వచ్చాడు. కట్టాల్సిన ఆఖరి రోజు పొద్దున మా వాడు నైట్ షిఫ్టు దిగి, తల నిండా దూదిపొడితో, సరాసరి మా గదికొచ్చి నాలుగు వేలు ఇచ్చాడు. అన్నీ పదులూ ఇరవైలూ. లెక్కపెట్టడానికి ఫీజు కౌంటర్లో ఆయన పడ్డ అవస్థ చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు వేలు ఎన్ని రాత్రుల డబుల్ షిఫ్టో తర్వాత లెక్క కట్టాను, అప్పుడు నవ్వు రాలేదు.

2003లో మన బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరాను. బార్డోలి వైపు ఒక చిన్న బ్రాంచి. మొదటి జీతం రాగానే నాలుగు వేలు కవర్లో పెట్టి వాడికిచ్చాను. వాడు తీసుకున్నాడు. తీసుకోనని పేచీ పెడతాడనుకున్నాను, పెట్టలేదు. వారం తర్వాత శనివారం పొద్దున బస్సెక్కి మా బ్రాంచికి వచ్చాడు. ఆ రోజు నన్ను క్యాష్‌లో కూర్చోబెట్టారు, తల ఎత్తే తీరిక లేదు. మధ్యాహ్నం షట్టర్ దించాక చూస్తే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మన బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. "నీకు డిపాజిట్ల టార్గెట్ ఉంటది గదా, నీ నాలుగు వేలు నీ బ్యాంకులనే ఏసిన. గడువు తీరినప్పుడల్లా మళ్ల రాసుకోమన్న" అన్నాడు. ముళ్ళపూడి వారి అప్పారావు అందరి దగ్గరా అప్పు చేసి ఎగ్గొడతాడు కదా. మా వాడు తిరిగొచ్చిన అప్పుని కూడా జేబులో పెట్టుకోలేని రకం.

ఆ తర్వాత వాడు కూలి నుంచి ఆసామి అయ్యాడు. వేడ్ రోడ్డు దగ్గర అద్దె షెడ్డులో నాలుగు పాత సాంచాలు పెట్టాడు. మన బ్యాంకు సూరత్ బ్రాంచిలోనే లోను తీసుకున్నాడు. అప్పుడు నేను ఆ బ్రాంచిలో లేను. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా నీళ్ళు వదిలారు. డ్యామ్ ఇక్కడికి వంద కిలోమీటర్లు లేదు. ఊళ్ళో చాలా భాగం నీళ్ళలో నిలబడింది. నేను సెలవు పెట్టి వచ్చేసరికి వాడి షెడ్డులో మోకాలి లోతు బురద, సాంచాలు ఏవో జంతువుల్లా కూరుకుపోయి ఉన్నాయి. నాలుగు రోజులు ఇద్దరం బురద ఎత్తాం, కిరసనాయిలు పోసి తుప్పు రుద్దాం. ప్రకృతి వైపరీత్యం కాబట్టి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లోనుకి వాయిదాలు మార్చి ఇచ్చారు. ఆ రోజు నిబంధన మా వాడి వైపు ఉంది. ఒక్క వాయిదా తప్పకుండా కట్టి, పదేళ్ళలో నాలుగు సాంచాలు ఎనిమిది చేశాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. నేను ఎన్ని ఊళ్ళు తిరిగినా ఏడాదికోసారి ఉత్తరాయణ్‌కి సూరత్ రావాల్సిందే. నా చేతికి చరఖీ ఇవ్వాల్సిందే.

2016లో నాకు సూరత్ బదిలీ అయింది, అదే బ్రాంచికి. క్రెడిట్ సెక్షను. చేరిన రోజే మేనేజరు గారికి చెప్పాను: ఫలానా ఖాతాదారుడు నా బాల్య స్నేహితుడు, ఆ ఫైలు నా దగ్గరికి రాకుండా చూడండి అని. ఆయన సరేనన్నారు. మా వాడితోనూ చెప్పాను. "మంచిది, ఇంటికొస్తే చాయ్, బ్యాంకుకొస్తే నంబరు" అన్నాడు.

ఆ నవంబరులో పెద్ద నోట్ల రద్దు. ఆ రోజుల్లో మన ఇళ్ళలో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, రాత్రి పదికి ఇల్లు చేరితే అదృష్టం. కూలి మొత్తం నగదులో నడిచే మా బస్తీ సంగతి అంతకంటే కష్టంగా ఉండేది. దాన్నుంచి ఊపిరి తీసుకునేలోగా 2017 జూలై 1న జీఎస్టీ. అప్పటిదాకా బట్టకి పన్ను తెలియని మార్కెట్ అది. వ్యాపారులు జూలైలో రెండు వారాలకి పైగా దుకాణాలు మూశారు. రింగ్ రోడ్డు మీద వేలాది దుకాణాల షట్టర్లు దిగితే, గ్రే బట్ట తాకాలు కొనేవాడు లేక లింబాయత్ నుంచి కతార్‌గామ్ దాకా సాంచాలు ఆగిపోయాయి. పైగా నూలు మీద కట్టిన పన్నులో మిగిలిపోయింది నేతవాళ్ళకి వాపసు రాదు. ఆ వాపసు 2018 ఆగస్టు నుంచి గానీ మొదలుకాలేదు. చాలామంది సాంచాలని తూకానికి అమ్మేశారు.

మా వాడు జూన్ నెలాఖరు వాయిదా కట్టలేకపోయాడు. జూలైదీ లేదు, ఆగస్టుదీ లేదు. ఇంట్లో ఆడవాళ్ళ కోసం చెబుతాను: తొంభై రోజులు బాకీ ఆగితే ఆ ఖాతాకి ఎన్‌పీఏ అని ముద్ర పడుతుంది. మీ ఆయన సెప్టెంబరు నెలాఖరులో, మార్చి నెలాఖరులో ఇంట్లో ఎందుకు చిరాగ్గా ఉంటాడో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఫైలు నా దగ్గర లేకపోయినా జాబితా ప్రతి వారం నా కంప్యూటర్ మీద పడేది. అందులో వాడి పేరు ఎస్‌ఎంఏ-2 గడిలో ఉంది. సెప్టెంబరు 28 దాటితే ముద్రే.

సెప్టెంబరు మధ్యలో ఒక రాత్రి వాళ్ళింటికి వెళ్ళాను. ఫైలు నాది కాదు కాబట్టి స్నేహితుడిగానే వెళ్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. వాడు గడపలో నిలబడి లోపలికి కేకేశాడు, "బ్యాంకు సారొచ్చిండు, చాయ్ వెట్టు!" సాంచాల వాళ్ళు మామూలుగా మాట్లాడినా గల్లీ అంతా వినపడుతుంది. నా మొహం చూసి నవ్వడం ఆపాడు.

"ఏందిరా, ముఖం గట్ల వెట్టుకున్నవ్?"

చెప్పాను. తేదీ చెప్పాను. ముద్ర పడితే సిబిల్‌లో ఏళ్ళ తరబడి ఉంటుందని, రేపు పిల్లల చదువుకి లోను అడిగితే కూడా అడ్డొస్తుందని చెప్పాను. అంతా నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు. వాడు మొత్తం విని ఒక్క మాట అడిగాడు.

"దీపావళి ముంగట గిరాకీ వస్తది. రెండు నెలలు పట్టుకుంటే ఎల్లిపోత అనిపిస్తున్నది. అమ్మితే మళ్ల కొనలేను. నువ్వైతే ఏం జేస్తవ్, చెప్పు."

అమ్మేసి లోను తీర్చెయ్యమన్నాను.

వెంటనే అన్నాను, ఆలోచించలేదు. "సరే" అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను.

నవరాత్రులు మొదలైన వారంలో ఎనిమిది సాంచాలూ తూకానికి పోయాయి. ఒక్కోదానికి వచ్చింది ఒక మంచి సెల్‌ఫోన్ ఖరీదు. చాలని దానికి భార్య పుస్తెల తాడు తప్ప మిగతా బంగారం అమ్మాడు. 26వ తేదీన వచ్చి లోను మొత్తం కట్టేసి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, నా టేబుల్ ముందు నుంచి చెయ్యి ఊపుతూ వెళ్ళాడు. ఆ అర్ధ సంవత్సరం మా బ్రాంచి ఎన్‌పీఏ లెక్క తగ్గింది. మేనేజరు గారు అందరికీ ఘారీ తెప్పించారు. నేనూ తిన్నాను.

2018 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మీలో క్రెడిట్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. జీఎస్టీలో నమోదైన చిన్న, మధ్యతరహా సంస్థలు, ఆగస్టు 31 నాటికి ఖాతా సక్రమంగా ఉంటే, సెప్టెంబరు 1 నాటి బకాయిలనీ ఆ తర్వాత జనవరి దాకా పడే వాయిదాలనీ గడువు తేదీ నుంచి తొంభైకి బదులు నూట ఎనభై రోజుల్లోగా కట్టినా ఎన్‌పీఏ కాదు. నేను నా సీట్లో కూర్చుని చదివాను. మా వాడు ఆగస్టులోనే జీఎస్టీ నంబరు తీసుకున్నాడు. ఆగస్టు 31న ఖాతా ఇంకా సక్రమమే. జూన్ వాయిదాకి నూట ఎనభై రోజులంటే డిసెంబరు నెలాఖరు. వాడు అడిగింది రెండు నెలలు.

సెప్టెంబరులో ఆ సర్క్యులర్ వస్తుందని ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. నా సహోద్యోగులు అదే అన్నారు, నా భార్యా అదే అంది. ఒప్పుకుంటాను. నన్ను తొలిచేది ఆ సర్క్యులర్ కాదు. ఆ రాత్రి వాడు బ్యాంకుని అడగలేదు, నన్ను అడిగాడు. ముప్పై ఏళ్ళుగా దారం పట్టి చూసి తెగుతుందో లేదో చెప్పినవాడు, 'పట్టుకుంటే ఎల్లిపోత' అని తన అంచనా కూడా చెప్పాడు. నేను జవాబిచ్చినప్పుడు నా కళ్ళ ముందున్నది వాడి పిల్లల చదువా, సెప్టెంబరు 30 నాటి మా బ్రాంచి లెక్కా? నిజాయితీగా చెబుతున్నాను, నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ ఉన్నాయేమో. ఏది ఎక్కువన్నదే ప్రశ్న.

ఆ వారం సర్క్యులర్ ప్రింటు జేబులో పెట్టుకుని వాడి దగ్గరకి వెళ్ళాను. అప్పటికి వాడు వేరే సేటు కార్ఖానాలో సూపర్‌వైజరు, నైట్ షిఫ్టు. గేటు బయట టీ బండి దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. దాచిపెట్టొచ్చు, వాడికి ఎప్పటికీ తెలిసేది కాదు. దాచలేకపోయాను. వాడు కాగితం తీసుకుని వీధిలైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అచ్చరాలు చిన్నగున్నయిరా" అన్నాడు. కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. "నువ్వు చెప్పినవని అమ్మలే. నాకు భయమైంది, అమ్మిన. పో, ఇంటికి పో, చలి పెడుతున్నది."

అది నిజమో, నన్ను కిటికీలోంచి మళ్ళీ ఒకసారి లోపలికి తొయ్యడమో తెలియదు.

2019లో నాకు హైదరాబాద్ బదిలీ అయింది. 2020 జనవరి 15, ఇక్కడివాళ్ళు వాసీ ఉత్తరాయణ్ అంటారు, ఆ తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. ఆడిట్ ఉందని ఆ ఏడాది మొదటిసారి పండక్కి రాలేదు. నైట్ షిఫ్టులో గుండె నొప్పి అన్నాడట, ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. నలభై రెండేళ్ళు. నేను విమానం పట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నం. ఊరంతా మేడల మీద ఉంది. పాడె వెళ్తున్న దారంతా పైన గాలిపటాలు, కింద తెగిన దారాలు కాళ్ళకి చుట్టుకుంటున్నాయి. ముందు నడుస్తున్న వాడి కొడుకు, పదకొండేళ్ళవాడు, కాళ్ళకి చుట్టుకున్న దారం వంగి తీసి, వేలికి చుట్టుకుని చూసి, జేబులో పెట్టుకున్నాడు.

కర్మలయ్యాక వాడి భార్య ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నా, ఇవన్ని బ్యాంకు కాయితాలు. ఏం పనికొస్తయో ఏం పనికిరావో సూడు" అంది. నో డ్యూస్ సర్టిఫికెట్, పిల్లల ఇన్సూరెన్సు, రేషన్ కార్డు నకలు. అడుగున ప్లాస్టిక్ కవర్లో 2003 నాటి ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. నాలుగు వేలది.

నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను. వాడు మరవలేదు. వరదలో సాంచాలు మునిగినప్పుడు తియ్యలేదు. ఎనిమిది సాంచాలు తూకానికి అమ్మి, భార్య గాజులు అమ్మి, బాకీ కట్టడానికి వందలు లెక్కపెట్టుకున్న రోజున కూడా దాన్ని తియ్యలేదు. గడువు తీరినప్పుడల్లా తిరగరాయించుకుంటూ అది పదకొండు వేల చిల్లర అయింది.

హైదరాబాద్ వెళ్ళి బార్డోలి వైపు ఆ బ్రాంచికి ఫోన్ చేశాను. డెత్ క్లెయిమ్, నామినీ భార్యే అయ్యుంటుంది, కాగితాలు ఏం కావాలో చెప్పమన్నాను. అక్కడి ఆఫీసరు కుర్రవాడు, గుజరాతీ అబ్బాయి, పాత కట్టలు వెతికి సాయంత్రం ఫోన్ చేశాడు. "సర్, నామినీగా మీ పేరే ఉంది" అన్నాడు.

2003కి వాడికి పెళ్ళి కాలేదు. నేను క్యాష్‌లో తల వంచుకుని నోట్లు లెక్కపెడుతున్న ఆ శనివారం, పక్క కౌంటర్లో ఫారం నింపాడన్నమాట. తర్వాత మార్చలేదు. (మీ ఇళ్ళలోనూ పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాలు ఉండే ఉంటాయి. ఇంటికి వెళ్ళాక నామినీ ఎవరో ఒకసారి చూసుకోండి. ఊరందరికీ చెప్పే మనమే చూసుకోం.) నామినీకి వచ్చే డబ్బు వారసుల సొత్తే, నామినీ చేతుల మీదుగా పోవాలంతే. అది మీకందరికీ తెలుసు. ఆ డబ్బు మొత్తం వాడి భార్య ఖాతాకి వెళ్ళింది. క్లెయిమ్ ఫారం మీద సంతకం మాత్రం నేనే పెట్టాల్సి వచ్చింది. పదిహేడేళ్ళలో వేలాది క్లెయిమ్ ఫారాలు చూసిన చెయ్యి, ఎక్కడ పెట్టాలో ఆమెని అడిగింది.

ఆ రోజు ఆ కుర్రవాడు నామినేషన్ ఫారం ఫోటో తీసి నా ఫోన్‌కి పంపాడు. పేరు, చిరునామా, వయసు అన్నీ గుజరాతీలో ఉన్నాయి, ఎవరో క్లర్కు నింపి ఉంటారు. డిపాజిటరుతో సంబంధం అన్న గడిలో మాత్రం తెలుగులో ఒక్క మాట, ముత్యాల్లాంటి అక్షరాలతో.

"ఆ గడిలో ఏం రాసుంది సర్? ఏ భాష? ఇక్కడ ఎవరికీ చదవడం రాలేదు" అని అడిగాడు కుర్రవాడు.

"దోస్తు" అన్నాను.

"ఓహ్" అన్నాడు. "గుజరాతీలో కూడా అదే కదా సర్."

అవునన్నాను.